రెప్ప కింది ఎరుపు

చెన్నై,
12 జూన్ 2005

మామయ్యకు నస్రత్ సలాములు.

ఫోను చేస్తే పక్కింటి అయూబ్ వాళ్ళు నిన్ను పిలుచుకొస్తారు. నువ్వు రిసీవరు చెవికి ఆనించుకుని "ఆఁ, ఆఁ, అందరం బాగున్నాం" అని అరిచి పెట్టేస్తావు. నేను చెప్పింది ఒక్క ముక్క కూడా నీకు వినపడలేదని నాకు తెలుసు. గుంటూరు జిన్నింగు మిల్లులో పాతికేళ్ళు పత్తి ఆడించినవాడికి చెవులెలా మిగులుతాయి! అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఈసారి సంగతి నీకు పూర్తిగా తెలియాలి.

"పశువుల డాక్టరు చదివి, పశువుల్లేని మద్రాసులో ఏం చేస్తోందీ పిల్ల?" అని గుల్జార్ అత్త అడిగిందట. అత్తకు చదివి వినిపించు. నేను చేరింది గుండె జబ్బుల పరిశోధనశాలలో. కొంతమంది పిల్లలు గుండె లోపలి గోడకు చిల్లుతో పుడతారు. ఇప్పుడు రొమ్ము కోయకుండానే, తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టం గుండెదాకా పంపి, దాని కొసనుంచి చిన్న మూత విప్పి ఆ చిల్లు మూస్తున్నారు. గొట్టాన్ని కాథెటర్ అంటారు. లోపల అది ఎక్కడుందో ఎక్స్‌రేలో చూస్తూ నడపాలి. ఎక్స్‌రే పసి ఒంటికి మంచిది కాదు. పైగా అందులో గుండె కండ సరిగా కనపడదు. అందుకని మా డాక్టరు రాజరాజేశ్వరి గారు ఎం.ఆర్.ఐ. యంత్రంలో, గుండె కొట్టుకుంటుండగానే తెరమీద చూస్తూ గొట్టం నడిపే పద్ధతి కోసం కష్టపడుతున్నారు. ఆ యంత్రం మనిషి పట్టేంత పెద్ద అయస్కాంతం, మామయ్యా. పిల్లలకు చేసేముందు జీవాలకు చేసి చూడాలి. గొర్రె గుండె ఇంచుమించు మనిషి గుండెంత ఉంటుంది.

జీవానికి మత్తు ఇవ్వడం, దాని ఊపిరి కనిపెట్టుకుని ఉండటం నా పని. ఆరు గొర్రెలకు అనుమతి వచ్చింది. "నమ్మకంగా పెంచేవాళ్ళెవరైనా నీకు తెలుసా?" అని మేడం అడిగారు. నీ పేరు చెప్పాను. అందరిముందూ చెప్పాను.

ఒక్కోటి ముప్పై అయిదు కిలోలు ఉండాలి. ఏ జబ్బూ ఉండకూడదు. ఇనుము అసలు ఉండకూడదు. గంటలు, గొలుసులు అన్నీ తీసేసి పంపు.

నీ
నస్రత్

*

పొదిలి,
26 జూన్ 2005

అమ్మా నస్రత్,

నీ ఉత్తరం మీ అత్తకు చదివి వినిపించాను. నా గొంతు నాకు తెలియదు కదా, కాస్త గట్టిగానే చదివినట్టున్నాను, వీధి వీధంతా వచ్చి అరుగుమీద కూర్చుంది. మన నస్రత్ గొర్రెలకు గుండె ఆపరేషన్లు చేస్తోందని ఇప్పుడు సగం పొదిలికి తెలుసు. పీరు వాళ్ళ ముసలి ఎద్దుకు ఆయాసమట, మద్రాసు తోలుకురమ్మంటావా అని అడుగుతున్నాడు. నీ ఇష్టం.

నవ్వులాటకేం గానీ, అందరిముందూ నా పేరు చెప్పావన్న చోట నేను చదవడం ఆపి కళ్ళు తుడుచుకున్నాను. అయిదో తరగతి చదివి, మిల్లులో చెవులు పోగొట్టుకుని, కొండవాలున జీవాలు కాచుకునేవాణ్ణి. నా పేరు మద్రాసులో డాక్టర్ల ముందు పలికావు. ఆ పేరు పోకుండా చూసుకోవడం నా పూచీ.

మందలో ఏరి ఆరు ఆడజీవాల్ని మాబు లారీ ఎక్కించాను. మిరపకాయలు కుక్కిన టిక్కీల వెనక చోటు చేయించాను. గంటలు విప్పేశాను. ఒకదాని కాలి కడియం ఊడకపోతే కమ్మరి అంకయ్య చేత కోయించాను. నీ చిన్నప్పుడు సూదంటురాయి గుడ్డలో చుట్టుకుని అంకయ్య కొలిమి చుట్టూ తిరిగేదానివి, గుర్తుందా? ఈ పిల్ల కమ్మరం చేస్తుందే అని నవ్వేవాళ్ళం. చివరికి ఇంకా పెద్ద సూదంటురాయి దగ్గరే తేలావు.

నల్లచెవి గొర్రె కూతుర్ని మాత్రం పంపలేదు. తల్లికి పాలు చాలక మీ అత్త సీసా పట్టి పెంచింది. ఇంకా చిన్నది కూడా.

పని అయ్యాక జీవాల్ని ఎప్పుడు తిప్పి పంపుతారో రాయి. దొడ్డిలో వాటి చోటు అలాగే ఉంచుతాను.

మీ మామ
ఖాదర్ వలి

*

చెన్నై,
20 జూలై 2005

మామయ్యకు,

ఆరూ క్షేమంగా చేరాయి. దారిపొడుగునా మిరప ఘాటుకు తుమ్మీ తుమ్మీ, లారీ దిగాక కూడా రెండు రోజులు తుమ్ముతూనే ఉన్నాయి. మావాళ్ళు రెప్పలు తిప్పి చూసి "ఎంత ఎర్రగా ఉన్నాయో, మంచి రక్తం" అన్నారు. అది మీ మిరపకాయల మహిమేమో అని నేను నవ్వాను గానీ, లోలోపల గర్వంగానే ఉంది.

మొదటిదానికి పోయిన గురువారం పని జరిగింది. తెరమీద గుండె ఎంత బాగా కనపడిందో చెప్పలేను. గదులు, తలుపులు, అన్నీ కదులుతూ. కిందివైపు మాత్రం, కాలినుంచి వచ్చే నాళం గుండెలో కలిసేచోట, ఒక నల్లమచ్చ పడింది. కడుపులో గాలి ఉంటే ఒక్కోసారి అలా వస్తుంది. పని పూర్తయింది. మిగతావి బాగున్నాయి. రెండోదానికి వచ్చేవారం.

తిప్పి పంపే సంగతి తర్వాత రాస్తాను. అత్త ఆరోగ్యం జాగ్రత్త.

నస్రత్

*

పొదిలి,
8 ఆగస్టు 2005

అమ్మా నస్రత్,

నేను చెవిటివాణ్ణే గాని గుడ్డివాణ్ణి కాదు. మిగతావి బాగున్నాయని రాశావు. మొదటిది బాగుందని రాయలేదు.

దాచకు. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని ఊరికే అనలేదు, దాన్ని నమ్మించి తోలుకెళ్ళేవాణ్ణి నేనే. నా చేతులమీదుగా సంతకు పోయిన జీవాలకు లెక్కలేదు. ఒక గొర్రె పోయిందంటే కూలబడి ఏడ్చేవాణ్ణి కాదు. అయితే ఒక మాట ఉంది. మనవాళ్ళు కత్తి పెట్టేముందు అల్లా పేరు చెబుతారు. ఈ ప్రాణం మాది కాదు, నీది, నీ పేరు చెప్పి తీసుకుంటున్నాం అని ఒప్పుకుని తీసుకుంటారు. తర్వాత అది నలుగురి కడుపు నింపుతుంది. పేరు లేకుండా పోయినదాన్ని మనం ముట్టం. దాన్ని గోతిలో వేస్తాం.

మీ యంత్రంలో పోయిన జీవానికి పేరు ఎవరు చెబుతున్నారు? అది ఎవరి ఆకలి తీరుస్తోంది? ఈ రెండూ రాయి. పైపై కబుర్లు రాయకు. నాకు అర్థం కాదనుకుని నువ్వు తేల్చేస్తే నాకు కష్టంగా ఉంటుంది.

ఇక్కడ వానలు లేవు. పత్తి విత్తినవాళ్ళు మొగం పైకెత్తి చూస్తున్నారు. మీ అత్త నీకు కారప్పొడి పంపుతానంటోంది. మాబు వస్తే ఇచ్చి పంపుతాను.

మీ మామ
ఖాదర్ వలి

*

చెన్నై,
25 ఆగస్టు 2005

మామయ్యకు,

నీ ఉత్తరం వచ్చి వారమైంది. జవాబు రాయడానికి కూర్చోవడం, లేవడం.

అవి తిరిగి రావు మామయ్యా. పని చక్కగా జరిగినా తిరిగి రావు. మూత సరిగా కూర్చుందో లేదో, చుట్టూ కండ ఎలా అతుక్కుందో గుండె కోసి చూడాలి. కొన్ని వారాలు బతకనిచ్చి, మత్తులోనే, నొప్పి తెలియకుండా గుండె ఆపేస్తాం. మొదట్లోనే చెప్పాల్సింది. చెబితే పంపవేమోనని చెప్పలేదు.

పేరు నేను చెబుతున్నాను. సూది గుచ్చేముందు బిస్మిల్లా అనుకుంటాను. నోట్లోనే. పక్కనున్నవాళ్ళకు వినపడకుండా. ఆకలి అన్నావు. ఏదో ఒకరోజు, ఎక్కడో ఒక తల్లి తన బిడ్డను రొమ్ము కోత లేకుండా ఇంటికి తీసుకెళ్తుంది. అంతకన్నా నేను చెప్పలేను.

అయితే అక్కడిదాకా కూడా రాకుండానే మూడు పోయాయి. మూడింటికీ అదే నల్లమచ్చ. గొట్టం ఆ మచ్చలోకి వెళ్ళాక దాని కొస కనపడదు. బయటికి తేలేసరికి గుండె గోడ గుచ్చుకుని ఉంటుంది. చుట్టూ ఉన్న తిత్తిలో నెత్తురు నిండి, నా చేతికింద ఊపిరి ఆగిపోతుంది. మచ్చ ఎందుకు వస్తోందని మేడం అడిగితే గ్యాస్ అని రాశాను. ఒకరోజు ఎక్కువ ఉపవాసం పెట్టాను. అయినా వచ్చింది.

ఒకటి అడుగుతాను. పంపేముందు కడుపులో పురుగులకు పోసే నట్టల మందు కాకుండా ఇంకేమైనా తినిపించావా? గుర్తు తెచ్చుకుని రాయి.

నస్రత్

*

పొదిలి,
5 సెప్టెంబరు 2005

నస్రత్‌కు,

మేతా నీళ్ళూ తప్ప ఏం పెట్టలేదు. ఇరవై ఏళ్ళుగా పొదిలి సంతలో ఖాదర్ వలి జీవాన్ని వేలెత్తి చూపినవాడు లేడు. మీ యంత్రం సరిగా లేకపోతే యంత్రాన్ని అడగండి.

పేరు చెబుతున్నందుకు సంతోషం. నోట్లో అనుకుంటే దేవుడికి వినపడుతుందిలే.

ఖాదర్ వలి

*

చెన్నై,
1 అక్టోబరు 2005

మామయ్యకు,

నాలుగోది నిన్న పోయింది.

మత్తు ఇచ్చేముందు నా చెయ్యి నాకింది. ఉప్పు కోసం అనుకుంటాను. యంత్రం బాగుచేసేవాళ్ళు బొంబాయి నుంచి వచ్చి మూడు రోజులు చూసి, దానిలో ఏ లోపమూ లేదన్నారు. రామకాంత్ గారని గొట్టం నడిపే డాక్టరున్నారు. ఆయన చెయ్యి నిలకడగా లేదేమోనని ఇప్పుడు అనుమానం ఆయనమీదికి పోయింది. ఆయన మొన్న నా ముందు చేతులు రెండూ చాపి, "వణుకుతున్నాయా నస్రత్? నిజం చెప్పు" అని అడిగారు. వణకడం లేదు మామయ్యా.

ఈ నెల ఇరవై అయిదున కమిటీ కూర్చుంటుంది. మచ్చ ఎందుకో తేలకపోతే పని ఆపేస్తారు. అప్పుడు ఈ నాలుగూ ఎవరి ఆకలీ తీర్చకుండా పోయినట్టే.

ఇంకేం రాయను.

నస్రత్

*

పొదిలి,
10 అక్టోబరు 2005

అమ్మా నస్రత్,

ఈ ఉత్తరం మీ అత్తకు చదివి వినిపించను. నా గొంతు వీధికి వినపడుతుంది.

నీకు అబద్ధం రాశాను. జీవాలకు రజను పెట్టాను. అంకయ్య కొలిమి దగ్గర ఆకురాయి కింద రాలే ఇనుప రజను.

ఎందుకు పెట్టానో కూడా రాస్తాను. మొన్న ఎండాకాలం మేత లేక వాగు అడుగున పచ్చగడ్డికి తోలాను. కార్జంలో చేరి నెత్తురు పీల్చే జలగ రోగం పట్టింది. మందు తాగిస్తే రోగం పోయింది, నెత్తురు మాత్రం తిరిగి పట్టలేదు. రెప్ప తిప్పితే కన్ను సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. అప్పుడే నీ ఉత్తరం వచ్చింది. అందరిముందూ నా పేరు చెప్పావు. నా చేతిలో పన్నెండు రోజులున్నాయి. పాలిపోయిన జీవాల్ని పంపి నీ పరువు తీయనా? మా నాన్న చేసినట్టే చేశాను. రోజూ పొద్దున్నే చింతగింజంత రజను బెల్లం ఉండలో పెట్టి మింగించాను. మా కాపరులందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. కొనేవాడు రెప్ప తిప్పి చూస్తాడు, ఎర్రగా ఉంటే కొంటాడు. అది వైద్యమూ అవును, సంతలో కన్నుకప్పడమూ అవును. ఎక్కడ వైద్యం ఆగి మోసం మొదలవుతుందో ఇన్నాళ్ళూ నేను ఆలోచించలేదు.

ఇనుము ఉండకూడదని నువ్వు రాస్తే ఒంటిమీది ఇనుము అనుకున్నాను. ఒట్టు. లోపలికి పోయింది అరిగి నెత్తురైపోతుంది కదా, ఇంకా ఇనుము ఎక్కడ ఉంటుంది అనుకున్నాను.

అయితే ఆగస్టులో నువ్వు అడిగావు చూడు, ఏమైనా తినిపించావా అని, ఆ మాట చదవగానే నాకు అర్థమైంది. దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకున్నాను. పైగా నీమీదే ఎగిరాను. అప్పుడే నిజం రాసుంటే నీ చెయ్యి నాకిన ఆ నాలుగోది బతికేది. ఇది నేను ఎవరిమీదికీ నెట్టలేను.

ఆ డాక్టరుగారి చేతులకు ఏ పాపమూ లేదని చెప్పు. మా మామ మోసం చేశాడు, నాకేం తెలియదు అని చెప్పు. ఈ ఉత్తరమే చూపించు. కిందపడితే నేనే పడతాను, నువ్వు నిలబడు.

మీ మామ
ఖాదర్ వలి

*

చెన్నై,
22 అక్టోబరు 2005

మామయ్యకు,

నీ ఉత్తరం చూపించాను. నువ్వు చెప్పమన్నట్టు మాత్రం చెప్పలేదు. నాకేం తెలియదన్న మాట నా నోట రాలేదు, ఎందుకంటే నాకు తెలుసు.

నేను ఎనిమిదేళ్ళప్పుడు గుడ్డలో సూదంటురాయి చుట్టుకుని అంకయ్య కొలిమి దగ్గరికి ఎందుకు వెళ్ళేదాన్ని? అత్త పంపితేనే కదా. గుడ్డకు అంటిన రజను దులిపి అత్త చేతిలో పోసేదాన్ని. అత్త బెల్లంలో కలిపేది. ఉండలు చుట్టింది నేనే మామయ్యా.

రెండో గొర్రెకు కూడా మచ్చ వచ్చిన రోజే నాకు కొలిమి గుర్తొచ్చింది. గాలి అయితే ఒకదానిలో ఒకచోట, ఇంకోదానిలో ఇంకోచోట ఉంటుంది. ఇది రెండింటిలో ఒకేచోట, గొర్రె కడుపు నాలుగు అరల్లో ముందుదాని అడుగున, గుండెను ఆనుకుని ఉంది. బరువైనది అడుగునే చేరుతుంది. ఇనుము ఉన్నచోట ఆ యంత్రంలో బొమ్మ నల్లగా చెరిగిపోతుంది. అంతా తెలిసి గ్యాస్ అని రాశాను. నీ పేరు చెప్పింది నేను. మావాళ్ళు మందలో మోసం చేస్తారని తెలిస్తే, ఇక్కడ నన్ను చూసే చూపు మారిపోతుందని భయపడ్డాను. నిన్ను అడిగింది కూడా నిజం కోసం కాదు. నువ్వు లేదంటే సరే లేదనుకుందామని అడిగాను. నాకు కావలసిన జవాబే నువ్వు ఇచ్చావు. మూడోది నా గ్యాస్ అన్న మాట కింద, నాలుగోది ఆ జవాబు కింద నలిగి పోయాయి.

మేడం నీ ఉత్తరం నిదానంగా చదివారు. "నీకు ఎప్పటినుంచి తెలుసు?" అని అడిగారు.

"రెండోదాని నుంచి మేడం."

"అయితే ఆ తర్వాత రెండుసార్లు తెలిసే నువ్వు మత్తు ఇచ్చావు."

"అవును మేడం."

ఉత్తరం మడిచి నా ముందు పెట్టారు. తర్వాత, "గొర్రెల కాపరికి తెలియక జరిగింది. నువ్వు తెలిసి రాశావు. ఆ నల్లమచ్చ నన్నేం దారి తప్పించలేదమ్మా, నీ గ్యాస్ అన్న మాట తప్పించింది" అన్నారు. కోప్పడితే బాగుండేది. ఆవిడ గొంతులో కోపం లేదు.

ముందు మూడింటికీ గుండె మాత్రమే కోసి చూశారు. నాలుగో గొర్రె శరీరం ఇంకా శీతల గదిలో ఉంది. కడుపు ముందు అర కోసి చూస్తే బురదలాంటి రజను, గుప్పెడుకు తక్కువ. నా చేతుల్తోనే తీశాను. రామకాంత్ గారికి చెప్పడానికి వెళ్తే, ఆయన నావైపు చూడకుండా తన చేతులవంక చూసుకున్నారు.

నన్ను మత్తు పని నుంచి తీసేశారు. జీవాల్ని ముట్టుకోకూడదు. ఉద్యోగం ఉంటుందో పోతుందో కమిటీ చెబుతుంది. మేడం ఒక్కటే అడిగారు. బతికున్న గొర్రె కడుపులో ఇనుము ఉందో లేదో, యంత్రంలో పెట్టకముందే తెలుసుకోవడం ఎలా? అది కనిపెట్టి కాగితంమీద పెడితే పని నిలబడుతుంది అన్నారు. ఇక్కడెవరికీ తోచడం లేదు.

నస్రత్

*

పొదిలి,
4 నవంబరు 2005

అమ్మా నస్రత్,

ఉండలు చుట్టింది నేనే అని రాశావు. ఎనిమిదేళ్ళ పిల్ల చేతిలో మేం ఏం పెట్టామో నీ ఉత్తరం వచ్చేదాకా మాకు తట్టలేదు. మీ అత్తకు ఈసారి చదివి వినిపించాను. వింటే విననీ వీధి. ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది. రెండు రోజులు పొయ్యి దగ్గరికి పోలేదు.

నువ్వు నిజం చెప్పి పని పోగొట్టుకుంటే, నేను ఇక్కడ పేరు ఉంచుకుని ఊరేగాలా? మొన్న సంతలో నిలబడి చెప్పాను. "అయ్యా, నా జీవాల కళ్ళు ఎర్రగా ఉంటే అది నెత్తురు కాకపోవచ్చు, రజను పెట్టాను, మీరూ పెడుతున్నారు" అన్నాను. ఎంత గట్టిగా అన్నానో నాకు తెలియదు. అందరూ తల తిప్పారు గనక గట్టిగానే అనుంటాను. తోటి కాపరి అల్లాబక్షు నా భుజం పట్టుకుని ఏదో అన్నాడు. పెదాలు చూస్తే "ముసలాడికి మతిపోయింది" అన్నట్టుంది. ఆ రోజు నా జీవం ఒక్కటీ అమ్ముడుపోలేదు. తిరిగి తోలుకొచ్చాను.

ఇక నువ్వు అడిగింది. మిల్లులో పత్తి బోరేల్లో మేకులు, కొడవలి ముక్కలు వచ్చేవి. గింజ తీసే జిన్ను యంత్రంలో పడితే నిప్పురవ్వ లేచి మిల్లంతా అంటుకుంటుంది. అందుకని పత్తి పోసేచోట సూదంటురాతి పలక పెట్టేవాళ్ళు. పాతికేళ్ళు దాని పక్కన నిలబడ్డవాణ్ణి, నాకు ఎప్పుడో తట్టాల్సింది. సన్నటి నూలుదారానికి సూదంటురాయి కట్టి, జీవాన్ని కదలకుండా నిలబెట్టి, ముందుకాళ్ళ వెనక రొమ్ము కింద, గాలి తగలకుండా వేలాడదీశాను. రజను తిన్నదాని దగ్గర రాయి కొంచెమే, పొట్టవైపు వాలుతుంది. కన్ను పట్టకపోయినా వేలికి లాగుడు తెలుస్తుంది. చెవులు లేనివాడికి వేళ్ళు బాగా వింటాయి. ముందు అక్కడ మిగిలిన రెండింటికీ చేసి చూడండి. మీవాళ్ళ రాయి నాదానికన్నా గట్టిదై ఉంటుంది.

నా దొడ్డిలో ముప్పై ఒకటికి చూశాను. ఇరవై తొమ్మిదింటికి వాలింది. వాలనివి రెండు. ఒకటి ముసలిది. రెండోది నల్లచెవి కూతురు. సీసాపాలు తాగి పెరిగింది గనక దానికి రజను పెట్టే పని పడలేదు.

దాన్ని వేరే కట్టేశాను. శుభ్రమైన మేత, నా చేత్తోనే. మీ అత్తను అడిగాను. "పంపు" అంది.

మీ మామ
ఖాదర్ వలి

*

చెన్నై,
20 జనవరి 2006

మామయ్యకు,

మిగిలిన రెండింటికీ దారం వాలింది. వాటిని యంత్రంలో పెట్టలేదు, పెట్టరు కూడా. ఇక్కడి పాకలోనే మేస్తున్నాయి. దారం పరీక్ష ఇప్పుడు మా పద్ధతుల కాగితంలో మొదటి వరుస. కమిటీ ఇంకో గొర్రెకు అనుమతి ఇచ్చింది. నాకు ఉద్యోగం ఉంచారు గానీ, కాగితాల పని ఇచ్చారు. అది న్యాయమే.

నల్లచెవి కూతురికి సోమవారం జరిగింది. నన్ను లోపలికి రానివ్వరనుకున్నాను. మేడం అద్దం బయట నిలబడనిచ్చారు. మచ్చ లేదు మామయ్యా. కిందినుంచి పైదాకా నాళం తెల్లగా, తేటగా కనపడింది. గొట్టం కొస ఒక్క క్షణం కూడా మరుగు కాలేదు. రామకాంత్ గారు గొట్టం కొసతోనే గుండె లోపలి గోడకు చిల్లు చేసి, అది దాటించి మూత విప్పేసరికి మొత్తం ఇరవై నిమిషాలు. ఆయన బయటికి వచ్చి నా ముందు ఆగి, రెండు చేతులూ చాపి చూపించారు. నాకు ఏడుపు వచ్చింది.

లేచి నిలబడి ఆ సాయంత్రమే మేత తింది. ఏడు వారాలు బతుకుతుంది. తర్వాత గుండె చూడాలి. తారీఖు వేశారు. మార్చి ఆరు, సోమవారం, పదకొండు గంటలకు. ఆ సూది నేనే వేస్తానని మేడంను అడిగాను. ఎందుకని అడిగారు. అది మా అత్త సీసా పట్టి పెంచిన జీవం, తెలిసినవాళ్ళ చేయి ఉండాలి అన్నాను. ఆ ఒక్కదానికీ ఒప్పుకున్నారు.

నస్రత్

*

చెన్నై,
6 మార్చి 2006

మామయ్యకు,

పదకొండు దాటింది. ఇప్పుడే చేతులు కడుక్కుని వచ్చి రాస్తున్నాను.

తల నా ఒళ్ళో పెట్టుకున్నాను. మేడం, రామకాంత్ గారు, ఇంకో ఇద్దరు ఉన్నారు. ఈసారి నోట్లో అనుకోలేదు. పైకే చెప్పాను. బిస్మిల్లా అని, అందరికీ వినపడేట్టు. తర్వాత ముందు పోయిన నాలుగింటికీ కలిపి ఇంకోసారి చెప్పాను. మేడం తల వంచుకుని నిలబడ్డారు.

మూత చుట్టూ కండ చక్కగా అల్లుకుంది. చిల్లు ఉన్నచోటు వేలితో తడిమితే తెలియదు.

నస్రత్

*

పొదిలి,
6 మార్చి 2006

అమ్మా నస్రత్,

నీ తారీఖు గుర్తుపెట్టుకున్నాను. పొద్దున జీవాల్ని మేతకు తోలలేదు. పదకొండుకు మీ అత్త నా భుజం తట్టి గడియారం చూపించింది. ఇద్దరం దొడ్డిలోకి వెళ్ళాం. తల్లి నల్లచెవి రొమ్ముమీద చెయ్యి పెట్టుకుని నిలబడి పేరు చెప్పాను. దాని గుండె నా అరచేతికి కొట్టుకుంటూనే ఉంది. నువ్వు కూడా అప్పుడే చెప్పుంటావు. నాకు ఇక్కడికి తెలిసింది.

నల్లచెవి మళ్ళీ చూడితో ఉంది. ఈసారి దానికి కన్ను బాగా పాలిపోయింది. నట్టల మందు తాగించాను, పచ్చిమేత వేస్తున్నాను. రజను పెట్టలేదు. వచ్చే సంతకు కొన్ని జీవాల్ని తోలుకెళ్తున్నాను. కొన్నిటికి కళ్ళు తెల్లగానే ఉన్నాయి. కొనేవాడి చేత నేనే రెప్ప తిప్పించి చూపిస్తాను.

సెలవు దొరికితే రా. వచ్చేటప్పుడు ఒక మంచి సూదంటురాయి పట్టుకురా. అల్లాబక్షు తన మందకు కూడా చూడమని అడుగుతున్నాడు.

మీ మామ
ఖాదర్ వలి